బర్న్స్ జాడలు: ఏది ఆయనది, ఏది అభిమానులది?

నా రాతబల్ల మీద ఓ చిన్న చెక్కపెట్టె ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. లేత తేనెరంగు సికమోర్ చెక్క, దాని మీద ఎన్నో పూతల వార్నిష్. మూత మీద నల్లటి సన్నగీతలతో గడ్డి కప్పిన ఇంటి బొమ్మ, దాని కింద బర్న్స్ పుట్టిన ఇల్లు అని ఇంగ్లీషులో ఒక వరుస. మూత ఒక మూల అరిగి బొమ్మలోని చెట్టు సగం చెరిగిపోయింది. ఎన్నేళ్లో ఎవరి బొటనవేలో అక్కడే ఆని తెరిచి ఉంటుంది. స్కాట్లాండ్ వెళ్లినప్పుడు పాతసామాన్ల కొట్లో కొన్నాను.

దీనికీ స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్‌కూ ఉన్న సంబంధం ఏమిటని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. ఆయన దీన్ని ముట్టుకోలేదు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, రైళ్లొచ్చి యాత్రికులు పెరిగిన కాలంలో, మాఖ్లిన్ అనే ఊళ్లో ఇలాంటివి వేలకు వేలు తయారయ్యాయి. అయినా ఇది చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆయన పాట ఒకటి నోటికొస్తుంది. ఒక కవిని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కే ఇది. మనం చూస్తున్నది కవినా, కవిని ప్రేమించినవాళ్లనా? బర్న్స్ విషయంలో ఈ రెండూ ఎంతగా అల్లుకుపోయాయంటే, ఒక్కో పోగూ పట్టుకుని విడదీస్తే తప్ప తేలదు.

ముందు మనిషి గురించి. 1759 జనవరి 25న స్కాట్లాండ్ నైరుతి తీరాన ఎయిర్‌షైర్‌లోని అలోవేలో పుట్టాడు. 1796 జులై 21న డమ్‌ఫ్రీస్ పట్నంలో పోయాడు. ముప్ఫై ఏడేళ్ల బతుకు. కౌలురైతు కొడుకు, తానూ కౌలురైతే, చివరి ఏడేళ్లూ ఎక్సైజు ఉద్యోగి. పొలంలో, సంతలో, సారాకొట్టులో జనం మాట్లాడుకునే స్కాట్స్ భాషలో రాశాడు. ఎడిన్‌బరో మకాము, 1787లో చేసిన ప్రయాణాలు తీసేస్తే బతుకంతా దాదాపుగా రెండు ఇరుగుపొరుగు సీమల్లోనే గడిచింది. కాబట్టి వెతికేవాడికి తోవ సులువు. తోవలో కనిపించేవాటిని నమ్మడం దగ్గరే కష్టం.

అలోవే ఇల్లు తండ్రి విలియం తన చేతులతో కట్టుకున్నది. మట్టిగోడలు, గడ్డికప్పు, మనుషులకూ పశువులకూ ఒకే కప్పు. వంటగదిలో గోడలోకి పెట్టెలా అమర్చిన మంచం ఉంటుంది. తలుపు మూస్తే అల్మారా, తెరిస్తే పడక. కవి పుట్టింది అక్కడే. బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే గాలివానకు ఒకవైపు గోడ కూలితే, తల్లినీ పసివాణ్నీ పొరుగింటికి చేర్చారని చెబుతారు. ఏడేళ్లొచ్చేసరికి కుటుంబం మౌంట్ ఆలిఫెంట్ అనే పొలానికి వెళ్లిపోయింది. 1781లో తండ్రి ఈ ఇంటిని ఎయిర్ పట్నం చెప్పులు కుట్టేవారి సంఘానికి అమ్మేశాడు. తర్వాత చాలాకాలం అది సారాకొట్టుగా నడిచింది. 1818లో కవి కీట్స్ కాలినడకన వచ్చి చూసింది ఆ సారాకొట్టునే. ఇంట్లోనే కూర్చుని ఒక సానెట్ రాశాడు గానీ, అక్కడి మనిషి కథలు ఆపకుండా చెప్పి విసిగించాడని ఉత్తరంలో మొత్తుకున్నాడు. 1881లో స్మారక ట్రస్టీలు కొన్నాకే అది మళ్లీ ఇల్లయింది. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ చూసుకుంటోంది.

అంటే ఆ ఇంట్లో నిలబడినవాడికి కనిపించేది 1759 కాదు. 1759 ఇలా ఉండి ఉంటుందని తర్వాతి తరాలవాళ్లు శ్రద్ధగా తిరిగి నిలబెట్టుకున్నది. నాకు ఇందులో మోసమేమీ కనిపించదు. జాగా అదే, కట్టడం తీరూ అదే. కాకపోతే ఈ తేడా తెలిసి చూస్తే, ఆ మంచం ముందు నిలబడినప్పుడు కలిగే గగుర్పాటు ఎక్కణ్నించి వస్తోందో మనకు తెలుస్తుంది.

ముఖం సంగతీ అంతే. బర్న్స్ బొమ్మ లేని కప్పు, తువ్వాలు, విస్కీ సీసా, బిస్కెట్ డబ్బా స్కాట్లాండ్‌లో దొరకదేమో అనిపిస్తుంది. అన్నిటి మీదా ఒకటే ముఖం. పెద్ద కళ్లు, నల్లటి జుట్టు, మెడకు తెల్లటి గుడ్డ. అది 1787లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ నేస్మిత్ వేసిన చిత్రం. పోలిక చెడిపోతుందేమోనన్న భయంతో నేస్మిత్ దాన్ని పూర్తి చేయకుండానే ఆపేశాడు. దాన్ని చూసి జాన్ బ్యూగో చెక్కిన అచ్చుబొమ్మ పుస్తకంలోకి వెళ్లింది, అక్కడి నుంచి లోకమంతా పాకింది. ఆర్చిబాల్డ్ స్కర్వింగ్ వేసిన పేరున్న సుద్దబొమ్మ కూడా కవిని కూర్చోబెట్టి వేసింది కాదు, నేస్మిత్ చిత్రాన్ని ఆధారం చేసుకున్నదే. ఎడిన్‌బరోలో పదిహేనేళ్ల వయసులో బర్న్స్‌ను ఒక్కసారి చూసిన వాల్టర్ స్కాట్, ఆ చిత్రంలో ఆయన రూపం కొంచెం చిన్నబోయిందన్నాడు. మాట్లాడుతుంటే వెలిగే ఆ కళ్లలాంటి కళ్లు తాను మళ్లీ ఎవరిలోనూ చూడలేదని రాసుకున్నాడు. కోట్లసార్లు అచ్చయిన ముఖం వెనక ఉన్నది సగంలో ఆగిన ఒక చిత్రం.

ఇక పుస్తకం. 1786 నాటికి బర్న్స్ పరిస్థితి దారుణం. ప్రియురాలు, తర్వాత భార్య అయిన జీన్ ఆర్మర్ గర్భవతి, ఆమె తండ్రి ఇతన్ని గడప తొక్కనివ్వడం లేదు, మాస్‌గీల్ పొలంలో పంటల్లేవు. జమైకాలో చెరకుతోట మీద గుమస్తా ఉద్యోగం ఒప్పుకున్నాడు. ఆ తోటల్లో గుమస్తా పని అంటే బానిసల చాకిరీ లెక్కచూడటం. ఈ సంగతి అభిమానులు చాలామంది తొందరగా దాటేస్తారు. దాటకూడదని నా అభిప్రాయం. ఆయన వెళ్లలేదు. వెళ్లడానికి ఒప్పుకున్నాడన్నది మాత్రం చెరగదు. ఆ రోజుల్లోనే బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గినీ నోటు వెనక ఒక చిన్న పద్యం రాశాడు. నువ్వు లేకే ఈ ప్రియమైన తీరం వదిలిపోతున్నాను అని ఆ కాగితాన్నే తిట్టిపోశాడు. ఆ నోటు నిలిచింది. అలాంటి మనిషి ముఖాన్ని ఇరవయ్యో శతాబ్దంలో క్లైడ్స్‌డేల్ బ్యాంకు ఐదు పౌండ్ల నోటు మీద వేసింది. ఈ రెండు నోట్లనూ పక్కపక్కన ఊహించుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

1786 జులై 31న కిల్మార్నాక్‌లో జాన్ విల్సన్ ముద్రణాలయం నుంచి ఆయన మొదటి పుస్తకం వచ్చింది. 612 ప్రతులు, ఒక్కోటి మూడు షిల్లింగులు. నెలరోజుల్లోనే దాదాపుగా అన్నీ అయిపోయాయి. జమైకా ప్రయాణం ఆగి, నవంబరులో ఎడిన్‌బరో ప్రయాణం మొదలైంది. ఆ ప్రతుల్లో ఇప్పటికి మిగిలినవి వందలోపే. నాగలి చాలుకు చెదిరిన గూటిలోంచి బయటపడ్డ ఎలుకపిల్లను ఓదారుస్తూ రాసిన పద్యం ఉన్నది ఈ పుస్తకంలోనే.

మరి ఆ పుస్తకాన్ని అచ్చువేసిన యంత్రం ఏమైంది? దాని చెక్కతో 1858లో అభిమానులు ఒక కుర్చీ చేయించారు. సింహాసనంలాంటి కుర్చీ, నిండా చెక్కుడుపని. ఇప్పటికీ అలోవే సంగ్రహాల్లో ఉంది. బర్న్స్ జ్ఞాపకాల కథంతా నాకు ఈ ఒక్క కుర్చీలో కనిపిస్తుంది. అచ్చుయంత్రంగానే ఉంచి ఉంటే అది ఈరోజు స్కాట్లాండ్ సాహిత్యంలోకెల్లా విలువైన వస్తువుల్లో ఒకటయ్యేది. ప్రేమ కొద్దీ విప్పి, ఇంకోటి చేశారు. ఊరి పాతగుడిది కూడా ఇదే కథ. టామ్ ఓ షాంటర్ కథాకావ్యంలో దయ్యాలు చిందులేసిన అలోవే గుడి అది. కప్పు కూలాక దూలాల కలప పొడుం డబ్బీలుగా, పెట్టెలుగా మారి ఊళ్లు పట్టి పోయింది. ఇప్పుడక్కడ మొండిగోడలే ఉన్నాయి. ముంగిట కవి తండ్రి సమాధి.

నా పెట్టె వంశం కూడా ఆ డబ్బీలదే. మాఖ్లిన్‌లో స్మిత్ సోదరుల కార్ఖానా మొదట చేసింది పొడుం డబ్బీలే. వాటి గొప్పతనమంతా మడతబందులో ఉంది. మూత చెక్కలోంచీ డబ్బీ చెక్కలోంచీ పళ్లు తీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, సన్నటి సూది గుచ్చుతారు. పొడుం రాలే సందు ఉండదు. పొడుం అలవాటు తగ్గాక ఆ పనితనమే యాత్రికుల జ్ఞాపికల్లోకి మళ్లింది. రాగిరేకు మీద చెక్కిన బొమ్మను కాగితం మీదకు, దాని మీంచి చెక్క మీదకు దించి, పూత మీద పూత వేసి వారాల తరబడి ఆరబెట్టేవారు. కొన్నిటి అడుగున ఈ చెక్క డూన్ నది గట్టున పెరిగిందని కూడా అచ్చువేశారు. అది ఒట్టి వ్యాపారమని తీసిపారేయలేం. బర్న్స్, జీన్ కాపురం పెట్టిన ఊరు మాఖ్లిన్. ఆయన ఆడపిల్లల్లో నలుగురు ఆ ఊరి గుడి ఆవరణలోనే సమాధుల్లో ఉన్నారు. కవి పోయిన తర్వాత ఆయన పేరు ఆ ఊళ్లో ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది. 1933లో కార్ఖానా కాలిపోవడంతో ఆ పని ముగిసింది.

ఇప్పుడు అసలు పీటముడి దగ్గరికి వస్తున్నా. హైలాండ్ మేరీ.

జీన్ తండ్రి తరిమేసిన 1786లోనే మేరీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయితో బర్న్స్‌కు ప్రేమ కుదిరింది. ఇద్దరూ బైబిళ్లు మార్చుకున్నారు. ఆ ఏడాదే ఆమె గ్రీనాక్‌లో జ్వరంతో పోయింది. బర్న్స్ ఇచ్చిన రెండు సంపుటాల బైబిల్ ఆమె బంధువులతో కెనడా చేరింది. అక్కడి అభిమానులు చందాలేసుకుని కొని 1840ల మొదట్లో అలోవేకు తిప్పి పంపారు. ఇది నిజమైన వస్తువు. ఆయన చేతులోంచి ఆమె చేతుల్లోకి వెళ్లినది. అయితే ఆ బైబిల్ చుట్టూ పందొమ్మిదో శతాబ్దం ఒక దేవతను కట్టింది. విగ్రహాలు, చిత్రాలు, పింగాణీ బొమ్మలు, ఏటిగట్టున ఆఖరి వీడ్కోలు. మేరీ ఎలా ఉండేదో చూపే చిత్రమేదీ లేదు. 1920లో ఓడల కర్మాగారం విస్తరణ కోసం గ్రీనాక్ పాతసమాధుల తోట తవ్వినప్పుడు ఆమె సమాధిలో పసిబిడ్డ శవపేటిక అడుగుపలక దొరికింది. దానితో పురిట్లో పోయిందన్న ప్రచారం మొదలైంది. ఆ సమాధి స్థలం వేరే కుటుంబానిది, అందులో ఇంకొందరినీ పూడ్చారు, బిడ్డ వాళ్లదయ్యే అవకాశమే ఎక్కువ. అయినా వదంతి ఆగలేదు. ఇంత హడావుడిలో నిజంగా మరుగున పడింది జీన్. తొమ్మిదిమంది పిల్లల్ని కన్నది, భర్త ఇంకొకతెకు కన్న ఆడబిడ్డనూ సొంతబిడ్డలా పెంచింది, ఆయన పోయాక ముప్ఫై ఎనిమిదేళ్లకు దగ్గరగా డమ్‌ఫ్రీస్‌లో అదే ఇంట్లో ఉంది. వచ్చిపోయే యాత్రికులకు తలుపు తీసింది ఆమే. నన్నడిగితే, బర్న్స్ స్మారకాల్లో మొదటిది జీన్.

నకిలీల బెడద వేరు. 1880ల చివర్లో ఎడిన్‌బరోలో బర్న్స్ ఉత్తరాలు, పద్యప్రతులు ఎక్కడపడితే అక్కడ అమ్మకానికి వచ్చాయి. అలెగ్జాండర్ హౌలాండ్ స్మిత్ అనేవాడు పాతపుస్తకాల చివరి ఖాళీ ఆకులు చించి, వాటి మీద బర్న్స్ దస్తూరీ దించి, అమ్ముకున్నాడు. కాగితం నిజంగా పాతదే, అందుకే చాలామంది మోసపోయారు. కాగితం కంటే రాసిన సంగతులు పట్టించాయి. ఉత్తరం ఎవరికి రాసినట్టుందో ఆ మనిషే చరిత్రలో లేడు. బర్న్స్ పద్యమన్నది వేరొకరి పేరున ముందే అచ్చయి ఉంది. 1893లో స్మిత్‌కు పన్నెండు నెలల జైలు పడింది. అతని రాతలు ఇప్పటికీ అక్కడక్కడా బయటపడుతుంటాయి, అందుకే దస్తూరీ బాగుందని మురిసిపోకుండా, ఆ కాగితం ఎవరి నుంచి ఎవరికి చేరిందో గొలుసు అడగాలి.

గొలుసు తెగకుండా వచ్చినవాటిలో గ్లెన్‌రిడెల్ ప్రతులంత గొప్పవి లేవు. పొరుగు భూస్వామి, స్నేహితుడు రాబర్ట్ రిడెల్ కోసం బర్న్స్ అచ్చుకాని కవితలు ఒక సంపుటంలో, ఉత్తరాలు మరోదాంట్లో చేర్చి సిద్ధం చేశాడు. ఒక విందులో జరిగిన రభసతో ఆ కుటుంబంతో చెడింది, రాజీపడకముందే 1794లో రిడెల్ పోయాడు. ఇచ్చిన సంపుటాన్ని బర్న్స్ వెనక్కి అడిగి తీసుకున్నాడు. ఆయన చనిపోయాక జీవితచరిత్ర రాయడానికని లివర్‌పూల్ వైద్యుడు జేమ్స్ కరీకి అవి చేరాయి, తిరిగి రాలేదు. కరీ కుటుంబం నుంచి లివర్‌పూల్ ఎథీనియం క్లబ్బుకు వెళ్లాయి. 1913లో ఆ క్లబ్బు వాటిని అమ్మేసింది, స్కాట్లాండ్ అంతా గగ్గోలెత్తింది. సముద్రం దాటి ఫిలడెల్ఫియాకు అమ్మకానికి వచ్చిన ప్రతుల్ని జాన్ గ్రిబెల్ అనే సంపన్న సేకర్త కొని, అల్మారాలో దాచుకోకుండా స్కాట్లాండ్ ప్రజలకు ఊరికే ఇచ్చేశాడు. ఇప్పుడవి ఎడిన్‌బరోలోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. సేకరించే అభిమానులందరిలో నేను నమస్కారం పెట్టేది గ్రిబెల్‌కే.

వస్తువు విలువ అది కవిదా కాదా అన్నదానితోనే తేలదని నాకు నేర్పింది ఇంకో పుస్తకం. 1838లో అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ స్వేచ్ఛ దొరికాక కొన్న మొదటి పుస్తకం బర్న్స్ కవితలు. దాదాపు మూడు దశాబ్దాలు దగ్గరుంచుకుని పెద్దకొడుక్కు ఇచ్చాడు. 1846లో ఎయిర్‌కు వచ్చి కవి చెల్లెలు ఇసబెల్లాను కలుసుకుని వెళ్లాడు కూడా. ఆ ప్రతిని బర్న్స్ చూడలేదు. జమైకా ఓడ ఎక్కబోయిన కవి పుస్తకం, సంకెళ్లు తెంచుకున్న మనిషి సంచిలోకి చేరింది. ఆ తర్వాత నూట యాభై ఏళ్లకు అమెరికా నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో అదే ఎయిర్‌షైర్‌కు వచ్చి, చిన్నప్పుడు తనకు ధైర్యమిచ్చిన కవి అని చెప్పింది. సోవియట్ దేశం 1956లోనే ఆయన మీద తపాలా బిళ్ల వేసింది, బ్రిటన్ వేసింది 1966లో. కొన్నిసార్లు దూరంవాళ్లే ముందు గుర్తుపడతారు.

స్థలాల్లో నాకు అన్నిటికంటే నిజంగా తోచింది ఎలిస్‌లాండ్. డమ్‌ఫ్రీస్‌కు పది కిలోమీటర్ల దూరం, నిత్ నది ఒడ్డు. 1788లో పొలం కౌలుకు తీసుకుని ఆయనే ఇల్లు కట్టించాడు. నేల రాళ్లమయం, నిస్సారం. పొలం తిండి పెట్టక ఎక్సైజు కొలువులో చేరి వారానికి రెండొందల మైళ్లు గుర్రం మీద తిరిగాడు. ఆ అలసటలోనే ఇక్కడ టామ్ ఓ షాంటర్ రాశాడు. నది వెంట చెట్ల కింద ఒక కాలిబాట ఉంది. దాని మీద పచార్లు చేస్తూ, చేతులూపుతూ, తనలో తాను పద్యం చెప్పుకుంటుంటే జీన్ చూసిందంటారు. ఇంట్లో సామాన్లు ఎన్నుంటే ఏం, నేను ఎక్కువసేపు ఉన్నది ఆ బాట మీదే. నీటి చప్పుడు, ఆకుల తడివాసన, అవతలి గట్టున గొర్రెలు. ఎవరూ తిరిగి కట్టాల్సిన పనిలేనివి.

బాధ పెట్టింది బ్రౌ వెల్. సాల్వే తీరంలో రోడ్డు పక్కన రాళ్లు పేర్చిన చిన్న గుంట, ఇనుము కలిసిన తుప్పురంగు నీళ్లు. 1796 జులైలో జబ్బు ముదిరిన బర్న్స్‌ను వైద్యులు ఆ నీళ్లు తాగమనీ, సముద్రంలో నిలబడమనీ పంపారు. గుండె కవాటాలు చెడిన మనిషి చంకల లోతు చలినీళ్లలో రోజూ నిలబడ్డాడు. అక్కడ సముద్రం ఎంత పల్చగా ఉంటుందంటే, అంత లోతు రావడానికి బురదలో చాలాదూరం నడవాలి. అక్కడ నిలబడి ఆ దూరం కంటితో కొలిచాను. బట్టలకొట్టు బాకీకి జైలు తప్పదన్న భయంతో జులై 12న పాటల సంకలనకర్త జార్జ్ థామ్సన్‌కు ఐదు పౌండ్లు పంపమని ఉత్తరం రాశాడు. మూడేళ్ల కిందట అదే థామ్సన్ అడక్కుండా ఐదు పౌండ్లు పంపితే, దేశం పాటలకు కూలి పుచ్చుకోనని కోపగించుకున్నవాడు. డబ్బు వచ్చింది. 18న ఇంటికి చేరాడు, 21న పోయాడు. అంత్యక్రియలనాడే జీన్ మగబిడ్డను కన్నది. తాగి చచ్చాడన్న మాట కరీ రాతలతో బలపడి నూరేళ్లకు పైగా నడిచింది. రుమాటిక్ జ్వరం దెబ్బతీసిన గుండె అన్నదే తర్వాతి వైద్యుల అభిప్రాయం.

1803లో కవి వర్డ్స్‌వర్త్ చెల్లెలు డొరొతీ వర్డ్స్‌వర్త్ అన్నతో కలిసి డమ్‌ఫ్రీస్ వచ్చేటప్పటికి సమాధి మీద గుర్తుకు రాయైనా లేదు. 1815లో ఎముకల్ని తీసి గోపురం కింద ఉంచారు. 1834లో జీన్ కోసం సమాధి తెరిచినప్పుడు, ఆ రాత్రి పుర్రెను బయటికి తీసి సుద్దముద్ర పోసుకున్నారు. తలబుర్ర ఎత్తుపల్లాల్లో ప్రతిభ తెలుస్తుందన్న ఆనాటి నమ్మకం అది. ఆ సుద్దపుర్రె బొమ్మను నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

ఇక పాటలు. జేమ్స్ జాన్సన్ ఆరు సంపుటాల పాటల సంకలనానికి బర్న్స్ ఏళ్ల తరబడి పనిచేశాడు, పైసా తీసుకోలేదు. ముసలివాళ్ల నోట విన్నవి రాసుకున్నాడు, తెగిన చరణాలు అతికాడు, రాగానికి మాట కుదిర్చాడు. పాతరోజుల్ని తలుచుకునే ఆల్డ్ లాంగ్ సైన్ పాట అలా వచ్చిందే. ఒక ముసలాయన పాడుతుంటే రాసుకున్నానని చెప్పాడు. ఈ రోజు లోకం పాడే రాగం కూడా మొదట అచ్చయినది కాదు, 1799లో థామ్సన్ జతచేసింది. ఆ రాగమే రవీంద్రుడి చేతుల్లో పురానో షేయి దినేర్ కొథా అయింది. ఖడక్‌వాస్లా సైనిక అకాడమీ నుంచి బయటికి నడిచే మన తెలుగు కుర్రాళ్లు కూడా ఆఖరి అడుగు ఆ రాగానికే వేస్తారు.

ఆ పాట మొదట అచ్చయింది జాన్సన్ అయిదో సంపుటంలో, 1796లో, కవి పోయిన కొన్ని నెలలకు. ఆ సంకలనంలో ఎవరి పాట ఏదో తెలియడానికి అక్షరాలు వాడారు. బర్న్స్ సొంతవాటికి కొన్ని అక్షరాలు, పాతపాటకు దిద్దుబాట్లు చేసినవాటికి జడ్ (Z). ఆల్డ్ లాంగ్ సైన్ చివర ఆయన పేరు లేదు. జడ్ అన్న ఒక్క అక్షరం ఉంది.